ఇంటింట నకలు: కడప సీమలో ప్రతుల చరిత్ర

నకలు అను మాట మన యిండ్లలో నిత్యము వినబడునది. పట్టాదారు పాసుపుస్తకమునకు నకలు, పిల్లల మార్కుల పట్టీకి నకలు, ఇంటి దస్తావేజునకు నకలు. ఈ మాట పారసీ, ఉర్దూల మూలమున మన కచేరీలలో ప్రవేశించి, అచట నుండి మన వాడుకలో స్థిరపడినది. దాని తోబుట్టువు వంటిదే నకిలీ అను మాట. రెండింటికి మూలధాతువు ఒక్కటే. ఒకదానిని మనము భద్రముగ బీరువాలో దాచుకొందుము, రెండవదానిని చూచి భయపడుదుము. ఈ రెండింటి నడుమ గల భేదమెల్ల ఒక్క పనిలో నున్నది. ఆ పని మాతృకతో సరిచూచుట. ప్రతులు వ్రాయు విద్య మన కడప సీమలో ఎట్లు పెరిగినదో, అది రాజుల యొద్ద నుండి, కరణముల యొద్ద నుండి, దొరల యొద్ద నుండి నేడు సామాన్య గృహస్థుని బల్ల మీదికి ఎట్లు వచ్చినదో ఇచట విచారింతము.

ప్రొద్దుటూరులోని వర్తకుల ఇండ్లలోను, జమ్మలమడుగు న్యాయవాదుల ముందుగదులలోను, పులివెందుల ప్రాంతపు చీనీ, అరటి తోటల రైతుల ఇండ్లలోను ఒక చిన్న యంత్రము నేడు కానవచ్చుచున్నది. దీనికి ఆల్‌ఇన్‌వన్ ప్రింటరని పేరు. కంప్యూటరులోని వ్రాతను కాగితముపై అచ్చు వేయును. కాగితమును గాజుపలక మీద బోర్లించిన దాని బింబమును కంప్యూటరున కందించును. కంప్యూటరు లేకయే నకలు తీయును. కొన్ని యంత్రములు టెలిఫోను తీగ మీద ఫ్యాక్సును కూడ పంపును. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా కారణమున దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు పలువురి ఉద్యోగము ఇంటికి వచ్చెను, పిల్లల పాఠము ఇంటికి వచ్చెను. వానితో పాటు ఈ యంత్రము కూడ పెక్కిండ్లలో ప్రవేశించెను. ఇది క్రొత్త వస్తువే. కాని ఇది చేయు పనులలో క్రొత్తది ఒక్కటియు లేదు. ఈ నాలుగు పనులను వేరువేరు చేతులతో, వేరువేరు కాలములలో మన పూర్వులు చేయుచునే యుండిరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతమెల్ల ప్రాచీన కాలమున రేనాడనబడు దేశములోనిది. తెలుగు భాషలో మనకు లభించిన తొలి శాసనములు ఈ నేలపైననే పుట్టినవి. ప్రొద్దుటూరునకు దగ్గరగా ఎర్రగుంట్ల మండలమున నున్న కలమళ్ళలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీస్తుశకము 575 ప్రాంతమున వెలసినదని పండితులు నిర్ణయించిరి. ఆ ప్రాంతముననే ఎఱ్ఱగుడిపాడు శాసనము కూడ కలదు. సంస్కృత ప్రాకృతములు రాజశాసనములను ఏలుచున్న కాలమున ఈ రాజులు ప్రజలు పలుకు తెలుగును రాతి కెక్కించిరి.

రాతి మీది మాటకు ఆయువెక్కువ, కాని అడుగు కదలదు. దానిని చదువగోరినవాడు దాని యొద్దకే పోవలెను. అందుచేత శాసన పరిశోధకులు రాతికి నకలు తీయు ఉపాయము నవలంబించిరి. రాతిని కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, గట్టి కుంచెతో కొట్టిన కాగితము అక్షరపు గుంతలలోనికి దిగును. పిదప సిరా అద్దిన దూదిగుత్తితో పై భాగమును మెల్లగా తట్టిన నల్లని నేల మీద తెల్లని అక్షరములు నిలుచును. రేనాటి చోళుల శాసనములు ఇట్టి ప్రతిబింబముల మూలముననే ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున కె. ఏ. నీలకంఠశాస్త్రి, ఎం. వేంకటరామయ్య గారల చేత ప్రకటితమై దేశదేశముల పండితులకు అందినవి. నేటి స్కానరు గాజుపలక క్రింద వెలుగు చేయు పనిని నాడు తడికాగితము చేసినది. రెండును మాతృకను కదలింపక, చెరుపక, దాని రూపమును మాత్రము తీసికొని పోవునవి.

రాతి తరువాత తాటియాకు. ఆకులను ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, గంటముతో గీచి, ఆ గీతలలో దీపపు మసిని పూయుట మన లేఖకుల పద్ధతి. పై మసిని తుడిచివేయగా గీతలలోని మసి నిలిచి అక్షరము కనబడును. ఈ మసిని గురించి మరల చెప్పవలసి యున్నది. తాటియాకు కొన్ని తరముల వరకే నిలుచును. చెదలు, పురుగు, తేమ దానికి శత్రువులు. కనుక పాతపడిన గ్రంథమును క్రొత్త ఆకుల కెక్కించుచుండుట పండితగృహములందు ఒక ధర్మముగ నుండెను. మనకు నన్నయ తిక్కనల కావ్యములు దక్కినవన్న, అవి వ్రాసిన నాటి ఆకులు మిగిలినందున కాదు. తరము వెంట తరము ఎవరో ఒకరు కూర్చుండి తిరిగి వ్రాసినందున. ఎవ్వరును తిరిగి వ్రాయని గ్రంథములు పేరునకైనను మిగులలేదు. గ్రంథాంతమున తప్పులున్న దిద్దుకొనుడని చదువరిని వేడుకొనుట లేఖకుల ఆచారము. ప్రతి వ్రాయుటలో తప్పు దొరలుట సహజమని వారు ఎరుగుదురు.

కావ్యములకు తాటియాకు ఎట్లో, లెక్కలకు కవిలె అట్లు. గ్రామ కరణము ఊరి భూములు, పంటలు, శిస్తులు, మాన్యములు కవిలెకట్టలలో వ్రాసి యుంచెడివాడు. రాయలసీమలోను కన్నడ దేశములోను కడితమను మరియొక సాధనము కూడ వాడుకలో నుండెను. గుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని పూసి నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపముతో దానిపై వ్రాసెడివారు. తప్పు వచ్చిన తుడిచి మరల వ్రాయవచ్చును. నల్లపలక వలె తుడుపునకు వీలైనది కనుక లెక్కలకు అనువుగ నుండెను, ఆ కారణముననే అనుమానమునకును చోటిచ్చెను.

ఇంటి కచేరి అనునది మనము నేడు క్రొత్తగా కనిపెట్టినది కాదు. కరణము ఇల్లే కచేరి. అరుగే దప్తరము. 1800వ సంవత్సరమున నిజాము ఈ దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన పిమ్మట, 1807 వరకు ప్రధాన కలెక్టరుగ నుండిన థామస్ మన్రో భూములను కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పి, రైతు పేరనే పట్టా ఇచ్చుటకు పూనుకొనెను. రైతు చేతిలో ఒక కాగితముండుట పెద్ద మార్పే. అయినను మూలపు లెక్క కరణము ఇంటనే నిలిచెను. పొలము గట్టు తగవు వచ్చినను, వారసుల పంపకము వచ్చినను, అప్పు పుట్టవలసి వచ్చినను రైతు కరణము గుమ్మము ముందు నిలువవలసినదే. న్యాయముగ వ్రాసి ఇచ్చిన కరణములు ఎందరో కలరు. కాని లెక్క ఒక్కని పెట్టెలో నుండి, దాని నకలు మరి యొక్కని చేత లేనప్పుడు, ఆ ఒక్కని మంచితనమే ఊరికి రక్ష కావలసి వచ్చును. చదువురాని రైతునకు తన భూమి లెక్క తనకు కానరాదు. ఆంధ్రప్రదేశమున 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దగు వరకు ఈ ఏర్పాటు ఏదో ఒక రూపమున సాగెను.

ఆ కరణముల పెట్టెల నుండియే మన సీమ చరిత్ర బయటకు వచ్చెను. కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశపు ఇంజనీరు దక్షిణదేశమున భూములను కొలుచుచు, ఊరూరి చరిత్రను వ్రాయింప బూనెను. కావలి సోదరులు, అనగా బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకు కుడిభుజములైరి. బొఱ్ఱయ్య 1803లో మరణింపగా లక్ష్మయ్య ఆ పనిని నడిపెను. వారి మనుష్యులు గ్రామములకు పోయి, కరణముల కవిలెలను చూచి, వృద్ధులను అడిగి, శాసనములకు నకళ్ళు వ్రాసికొని, కైఫియత్తులను సిద్ధము చేసిరి. దేవాలయము ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరికి వచ్చెను, కరవు ఎప్పుడు వచ్చెను, ఏ పాలెగాడు ఏ ఊరిని దోచెను అను విషయములు వానిలో కలవు. మెకంజీ 1815లో భారతదేశ సర్వేయర్ జనరలై, 1821లో కాలధర్మము నొందెను. ఆయన కూర్పించిన కాగితములు మాత్రము పురుగులకు, తేమకు లొంగసాగెను. నకలును కాపాడుటకు మరియొక నకలు కావలసి వచ్చెను. ఆ భారము వహించినవాడు మన కడప వారందరు ఎరిగిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1820లో కడపకు కలెక్టరు హన్‌బరీ కింద సహాయోద్యోగిగ వచ్చెను. తెలుగు అక్షరములు అంతకు మునుపే మద్రాసులో నేర్చియుండెను. మచిలీపట్నము, రాజమండ్రి మొదలగు చోట్ల పనిచేసి, 1826లో మరల కడపకు వచ్చి, తోటతో కూడిన బంగళానొకదానిని కొనెను. ఆ ఇంటిని జనులు బ్రౌను కాలేజీ అనిరి. ఆ కాలేజీలో తరగతులు లేవు. పండితులును, లేఖకులును జీతములు పుచ్చుకొని, దేశము నలుమూలల నుండి తెప్పించిన తాళపత్రములను కాగితముల కెక్కించుచుండిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనిని పర్యవేక్షించెను. జీతములు, కాగితము, సిరా, బైండు ఖర్చులు దొర తన సొంత ధనము నుండి, అది చాలనప్పుడు అప్పు చేసి, భరించెను.

ఆ ఇంట జరిగిన పని యొక్క తీరును కొంచెము నిలిచి చూడవలెను. ఒక కావ్యమునకు ఒక్క ప్రతి దొరకినంత మాత్రమున బ్రౌను తృప్తి చెందలేదు. దొరకినన్ని ప్రతులను తెప్పించెను. వానిలో ఒకదానిని కాగితము మీద శుభ్రముగ వ్రాయించి, ఎదుటి పుటను ఖాళీగా విడిపించెను. పిదప పండితులను కూర్చుండబెట్టి, ఒకరు చదువుచుండగా తక్కినవారు తమ చేతిలోని ప్రతులను చూచుచు, భేదము కనబడిన చోట ఆపి, ఆ పాఠభేదమును ఖాళీ పుటలో వ్రాయునట్లు ఏర్పాటు చేసెను. వేమన పద్యముల విషయమున ఈ పద్ధతి ఫలము స్పష్టముగ కనబడును. 1824 ప్రాంతమున ఆరంభించిన సేకరణ నుండి ఏరి 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించెను. 1839లో రెండవ కూర్పు వెలువడు నాటికి పద్యముల సంఖ్య 1164 అయ్యెను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలను కూడ శిథిలము కాకమునుపే తిరిగి వ్రాయించి బైండు చేయించెను. నేడు అవి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములో చేరియున్నవి. కడపలో ఆయన నివసించిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి దీర్ఘకృషి వలన గ్రంథాలయము వెలసి, అది పిదప యోగివేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రమైనది. ఆ కేంద్రము కడప జిల్లా కైఫియత్తులను సంపుటములుగ ప్రకటించినది.

బ్రౌను ఇంట పదిమంది చేసిన పనిలో మూడు వంతులు నేటి ప్రింటరు ఒక్కటియే చేయును. చూచుట, వ్రాయుట, మరల వ్రాయుట దానికి నిమిషముల పని. నాలుగవ వంతు, అనగా చదివి సరిచూచి ఖాళీ పుటలో భేదమును వ్రాయుట, అది చేయదు.

అచ్చు మన దేశమునకు ఆలస్యముగ వచ్చెను. తెలుగు అక్షరములకు అచ్చు మొట్టమొదట జర్మనీ దేశమున హాలే పట్టణములో 1746, 1747 సంవత్సరములలో బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ గ్రంథములకు జరిగినది. 19వ శతాబ్దము నడుమ నుండి మద్రాసు అచ్చుకూటములు పురాణములను, శతకములను ఇంటింటికి పంపెను. 1854లో స్థాపితమైన వావిళ్ళ వారి ముద్రణాలయము పేరు ఎరుగని తెలుగిల్లు లేకుండెను. ప్రొద్దుటూరు కవులైన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకటశేషశాస్త్రి, పుట్టపర్తి నారాయణాచార్యుల కాలము వచ్చునప్పటికి కావ్యము అచ్చు కావలెనని కవి కోరుట సహజమయ్యెను. కాని అచ్చు వేయువాడు ఒక్క ప్రతికి యంత్రమును కదలింపడు. వందలు, వేలు కావలెను. ఒక్క ప్రతి, రెండు ప్రతులు కావలసిన వారికి చేతివ్రాతయే గతి.

ఈ ఒకటి రెండు ప్రతుల అవసరము కచేరీలకు, వర్తకులకు అధికము. అందుచేత పాశ్చాత్య దేశములలో చిన్న యంత్రముల అన్వేషణ సాగెను. ఆవిరియంత్రమునకు పేరొందిన జేమ్స్ వాట్ 1780లో జాబులకు నకలు తీయు ప్రెస్సునకు పేటెంటు పొందెను. ప్రత్యేకమైన సిరాతో వ్రాసిన జాబు మీద తడిపిన పలుచని కాగితమును పెట్టి నొక్కిన ఒక నకలు దిగును. 1806లో కార్బను కాగితము వచ్చెను. 1876, 1880 సంవత్సరములలో ఎడిసన్ పేటెంట్ల నుండి మిమియోగ్రాఫు, 1881లో గెస్టెట్నర్ నుండి సైక్లోస్టైలు వెలువడెను. మైనపు కాగితముపై చిల్లులు పొడిచి, వాని గుండ సిరాను పంపి, ఒక వ్రాతకు వందల నకళ్ళు తీయు ఈ సైక్లోస్టైలు మన పాఠశాలల ప్రశ్నాపత్రములకు, సంఘముల కరపత్రములకు చాల కాలము సేవ చేసినది. అర్ధశతాబ్ది క్రిందట చదువుకొన్నవారికి ఆ సిరావాసన ఇంకను జ్ఞాపకముండును.

ఆస్తుల విషయమున మాత్రము చేతివ్రాత చాల కాలము నిలిచెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సబ్ రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజును పుస్తకములో నకలు వ్రాసికొని, అసలును యజమానికి తిరిగి ఇచ్చెడివారు. నకలు వ్రాయు గుమాస్తా ఒక సర్వే నంబరులో ఒక అంకెను తారుమారు చేసిన, ఆ తప్పు తరతరముల తగవునకు విత్తనమగును. వ్రాసినదానిని మరియొకరు చదివి సరిచూచుట ఆ కచేరీల నియమమైనది ఇందులకే. 1998లో ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరులు వచ్చి, దస్తావేజును చేత వ్రాయుటకు బదులు స్కాను చేయు పద్ధతి ఆరంభమయ్యెను. కచేరీలోని స్కానరు ఇంటికి వచ్చుటకు అట్టే కాలము పట్టలేదు.

ఆ రాకకు దారి వేసినవాడు చెస్టర్ కార్ల్‌సన్. అమెరికాలో పేటెంటు కచేరీ పనులలో నకళ్ళు వ్రాసి విసిగిన ఆయన, 1938 అక్టోబరు 22వ తేదీన పొడి సిరాతో, విద్యుత్తు ఆకర్షణతో మొదటి నకలును తీసెను. పెద్ద సంస్థలు చాల ఏండ్లు ఆ ఉపాయమును లక్ష్యపెట్టలేదు. 1959లో జెరాక్సు సంస్థ 914 అను యంత్రమును విడుదల చేసిన పిదప సంస్థ పేరే ఆ పనికి పేరైనది. మన సీమలో నకలు తీయుడు అనుటకు బదులు జెరాక్సు తీయుడు అనుట నేడు పిల్లలకు కూడ పరిపాటి. 1980ల నుండి తాలూకా కచేరీల ఎదుట, కోర్టుల ఎదుట, కళాశాలల ఎదుట జెరాక్సు అంగడులు వెలసెను. కరణము గుమ్మము ముందు నిలిచిన రైతు మనుమడు అంగడి ముందు నిలిచెను. రూపాయియో రెండో ఇచ్చి, ఎవరి దయయు లేక, తన కాగితమునకు తానే నకలు తీసికొనెను. ఇది చిన్న మార్పు కాదు.

తక్కిన విద్యలును ఈ లోపలనే పుట్టినవి. 1957లో రసెల్ కిర్ష్ అను ఇంజనీరు తన మూడు నెలల కుమారుని ఛాయాచిత్రమును అడ్డముగ 176, నిలువుగ 176 చుక్కలుగ విడదీసి కంప్యూటరున కెక్కించెను. స్కానరులకు అది ఆది. 1984లో ఇంటి బల్లపై ఇముడు లేజరు ప్రింటరులు, సిరా బిందువులను చిమ్ము ఇంక్‌జెట్ ప్రింటరులు రెండును అంగడికి వచ్చెను. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరకుటచే, ఒక కంప్యూటరులో వ్రాసిన తెలుగు మరియొక కంప్యూటరులో చెడక చదువబడుటకు మార్గమేర్పడెను. 1994లో అచ్చు, ఫ్యాక్సు, నకలు మూడును ఒక్క పెట్టెలో ఇమిడిన ఆఫీస్‌జెట్‌ను హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ అమ్మకమునకు తెచ్చెను. చిన్న చిన్న సిరాడబ్బీల వెల యంత్రము వెలను మించుచున్నదని గృహస్థులు మొరపెట్టుచుండగా, 2010లో ఎప్సన్ సంస్థ ఇండోనేషియాలో సీసా నుండి సిరా పోసికొను తొట్టి గల ప్రింటరును విడుదల చేసెను. ఆ జాతి యంత్రములే నేడు మన ఇండ్లలో ఎక్కువగా కానవచ్చుచున్నవి.

ఇంతవరకు యంత్రము మనకు చేసిన మేలును చెప్పితిమి. యంత్రము తప్పు చేయదని నమ్ముట మాత్రము ప్రమాదము. 2013లో జర్మనీ దేశమున డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక విశేషమును లోకమునకు చాటెను. ఒక ఇంటి నక్షను ఒక పెద్ద సంస్థ వారి యంత్రములో స్కాను చేయగా, గదుల వైశాల్యముల అంకెలు మారి వచ్చెను. అక్షరములు మసక బారలేదు. కాగితము చిరుగలేదు. స్పష్టముగ, అందముగ, తప్పుగ వచ్చెను. చిత్రమును చిన్నదిగ చేసి దాచుటకై యంత్రము ఒకే తీరున కనబడు అంకెల తునకలను ఒకటిగ ఎంచి, ఒకదాని చోట మరియొకదానిని ఉంచినది. ఆ సంస్థ పిదప లోపమును సవరించినది. నిదురమత్తులో లేఖకుడు చేయు తప్పును నిదుర ఎరుగని యంత్రము కూడ చేసినది. లేఖకుని తప్పును వంకర అక్షరము పట్టి ఇచ్చును. యంత్రపు తప్పునకు అట్టి గుర్తు లేదు.

1872 నాటి సాక్ష్య చట్టము ఈ సంగతిని ఎంత జాగరూకతతో చూచినదో గమనింపదగును. నకలు నుండి తీసిన నకలు అసలుతో సరిచూడబడిన యెడల సాక్ష్యముగ చెల్లును, సరిచూడబడని యెడల చెల్లదు అని ఆ చట్టము ఉదాహరణ పూర్వకముగ చెప్పినది. 2024 జూలై 1వ తేదీ నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము కూడ అసలుతో సరిచూచిన ప్రతులకు స్థానమిచ్చినది. బ్రౌను పండితులు కావ్యములకు పాటించిన నియమమును న్యాయస్థానము దస్తావేజులకు పాటించుచున్నది.

ఇక మన ఇండ్లలోని కాగితముల సంగతి. గండికోట జలాశయము నిండుటకై కొండాపురము, ముద్దనూరు ప్రాంతముల గ్రామములు ఖాళీ అయినవి. 2020లో తాళ్ళ ప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరు నీటి పాలైనది. ఇల్లు, గుడి, బావి, చింతచెట్టు నీటిలో మునిగిన పిదప ఆ ఊరివారు తమతో తెచ్చుకొన్నది సామానులు, జ్ఞాపకములు, కాగితములు. ఊరు మునిగిన తరువాత తాత నాటి ఇంటి పటమునకు, పెండ్లి శుభలేఖకు, పొలము పట్టాకు విలువ ఎన్నింతలగునో వేరుగ చెప్పనక్కరలేదు. రెండు వందల ఏండ్ల క్రిందట కైఫియత్తులు వ్రాయించినవారు లేకున్న మన గ్రామముల పూర్వచరిత్రలో ఎంతో భాగము మనకు తెలియకుండెడిది. నేటి ఊరి చరిత్రను వ్రాయించుటకు మెకంజీ రానక్కరలేదు. ప్రతి ఇంట ఆ సాధనము కలదు.

దానిని వాడు తీరు కొంత తెలిసికొనవలెను. వ్రాత గల కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున, పాత ఛాయాచిత్రములను 600 చుక్కల చొప్పున స్కాను చేయుట మేలు. తాళపత్రములను, మడతలలో చిట్లిన పాత పత్రములను గాజుపలక మీద నొక్కరాదు. వానిని పరచి, పై నుండి ఫోటో తీయుటయే క్షేమము. అంగడుల వారు వేడి యంత్రముతో అచ్చు వేసి ఇచ్చు మెరుగు కాగితపు రసీదులు కొన్ని నెలలకే తెల్లబడును గనుక, వస్తువు గారంటీకి అవసరమైన వానికి వెంటనే నకలు తీసికొనవలెను. రంగు సిరాలలో నీటిలో కరగు వర్ణములతో చేసినవి ఎండకు వెలియును, తడికి పారును. లేజరు యంత్రపు నల్లపొడిలోను, కొన్ని నల్లసిరాలలోను ఉండునది కర్బనపు మసి. తాటియాకు గీతలలో మన లేఖకులు పూసిన దీపపు మసి కూడ అదియే. శతాబ్దములు వెలియని గుణము ఆ మసికి కలదు. చిరకాలము నిలువవలసిన కాగితమును మసి గల సిరాతో అచ్చు వేయించుట వివేకము.

మన సీమ ఎండలకు ఇంక్‌జెట్ యంత్రము ఒక చిక్కు తెచ్చును. నెలల తరబడి వాడక విడిచిన, సిరా చిమ్ము సన్నని రంధ్రములలో సిరా ఎండి అడ్డుపడును. వారమునకొక పుట అచ్చు వేయుచుండిన ఆ బాధ తప్పును. నెలకు పది పుటలకంటె పని లేని ఇంట పొడిసిరా గల లేజరు యంత్రమే సుఖము. రంగుల పటములు, పిల్లల చిత్రములు కావలసిన ఇంట సిరాతొట్టి యంత్రము తగును. ఏ యంత్రమైనను సరే, స్కాను చేసిన బింబములను ఒక్క చోట నుంచుట చాలదు. కంప్యూటరు చెడిన అన్నియు ఒక్కసారి పోవును. కనుక రెండవ ప్రతిని వేరొక సాధనమున, వీలైన వేరొక ఊరిలోని బంధువుల ఇంట నుంచవలెను. మన గ్రంథములు బ్రదికినది అవి పలు ఇండ్లలో నుండుట చేతనే.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపటిది. నకలు తీసిన వెంటనే ఇంటిలో ఒకరు అసలును, మరియొకరు నకలును చేతబట్టి, సర్వే నంబరులు, విస్తీర్ణములు, తేదీలు, పేర్లు పైకి చదువుచు సరిచూడవలెను. పాత ఛాయాచిత్రమునకు నకలు తీసినప్పుడు అందులోనివారు ఎవరో, ఏ ఊరో, ఏ ఏటి పటమో ఇంటి పెద్దల నడిగి వెనుక వ్రాసి యుంచవలెను. పేరు లేని పటము మనుమల నాటికి పరాయివారి పటమగును. ఈ పనికి చదువుకొన్న మనుమలును, జ్ఞాపకము గల అవ్వతాతలును కలసి కూర్చుండవలెను. ఒకరికి కన్నులు, ఒకరికి ఎరుక. బ్రౌను ఇంట లేఖకుడును పండితుడును ఒక్క చాప మీద కూర్చుండినట్లే.

రాతి మీది నకలు రాజు ఆజ్ఞ లేక రాలేదు. కవిలెలోని నకలు కరణము ఇష్టము లేక రాలేదు. బ్రౌను ఇంటి నకలు దొర ధనము లేక రాలేదు. నేటి నకలునకు ఆజ్ఞ అక్కరలేదు, ఎవరి ఇష్టమును అక్కరలేదు, ఖర్చు కూడ స్వల్పము. కావలసినది చదివి సరిచూచు ఓపిక. ఆ ఓపిక నాడు జీతము పుచ్చుకొన్న పండితుల యందుండెను. నేడది మన ఇంటివారి యందే ఉండవలెను.